జలనీలి: ఉప్పల్, నాచారము చెఱువులలో మత్స్యనాశ చరిత్ర

మహాసభ కార్యవర్గమువారు ఈ సంవత్సరపు సంచికకు చరిత్రవిషయకమైన వ్యాసమొకటి వ్రాయవలసినదిగా మమ్ము కోరిరి. మన కులోత్పత్తిని గూర్చియు, గంగామాతను గూర్చియు, పూర్వరాజుల సన్మానములను గూర్చియు వెనుకటి సంచికలలో పెద్దలు విరివిగా వ్రాసియున్నారు. వారు వ్రాసినదానికి చేర్చదగినది మావద్ద లేదు. కావున మేమీసారి చెఱువుమీది పచ్చని పాచిని గూర్చి వ్రాయబూనితిమి. పాచికి చరిత్ర యేమని కొందఱు నవ్వవచ్చును. ఆ పాచి మూలమున మన వలలు ఎండినవి, మనలో మనకు పగలు పుట్టినవి, ఒక నిరపరాధికి శిక్ష పడినది. ఇంతకంటె చరిత్ర మఱేమి కావలయును?

మాకు పదియేండ్ల ప్రాయమున, ఉప్పలునకును నాచారమునకును నడుమనున్న యొక చెఱువున, వైశాఖమాసమున ఒక వేకువను, చేపలు వెల్లకిలబడి తేలినవి. ఆ చెఱువు పేరిచట వ్రాయము; తెలిసినవారికి తెలియును. అంతకుముందు నెలదినములనుండి నీరు ఆకుపసరు వన్నె దాల్చియుండెను. గాలివాలున గట్టుప్రక్క రంగు ఒలకబోసినట్లు దట్టమైన పొర పేరుకొని, ఎండకు ఎండి, నీలివన్నె చారలు కట్టి, దుర్గంధము కొట్టుచుండెను. మూడు దినములు మబ్బు మూసియుండెను గాని వాన పడలేదు. నాలవనాటి తెల్లవాఱుజామున పెద్ద బొచ్చెలు, రవ్వలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెఱచి గుటకలు వేయుచు ఒకటొకటిగా ప్రాణములు విడిచినవి. సూర్యుడు జానెడెక్కునప్పటికి కట్టపొడవునను చేపల బారు పఱచినట్లుండెను. కొరమీనులును, మార్పులును, ఇంగిలాయిలును మాత్రము బురదలో బ్రతికియే యుండినవి. పిల్లలము చేతులతో పట్టుకొని ఇండ్లకు తెచ్చితిమి. ఈ చిన్న సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక. దీనితో తరువాత పనియున్నది.

ఆ దినముననే కులపంచాయతీ కూడెను. చెఱువు గుత్తలో తన వంతునకై తగవులాడుచుండిన యొకాయనపై అనుమానము పుట్టెను. రాత్రి కట్టమీద తిరుగుచుండగా చూచితిమని ఇరువురు పలికిరి. ఎండ్రిన్ మందు పోసినాడని నిర్ణయించిరి. జరిమానా విధించి, మూడేండ్లు వలపాలు లేకుండ చేసిరి. తీర్పు చెప్పిన ఐదుగురిలో మా తండ్రిగారొకరు. ఆయన అన్యాయమెఱుగని మనిషి. ఎఱిగినంతలో ధర్మమే చెప్పితినని తుదివఱకు నమ్మియుండెను. శిక్షపడినవాడు ఏడాది తిరుగకముందే ఊరు విడిచిపోయెను.

మేము సంస్కృతము చదివి, బడిపంతులమై, పిల్లలకు శబ్దములు వల్లెవేయించుచు కాలము గడపినవారము. అమరకోశమున వారివర్గము చెప్పునపుడెల్ల ఒక మాటవద్ద ఆగుచుండువారము. నాచునకు జలనీలి, శైవాలము, శైవలము అని పర్యాయములు చెప్పబడినవి. జలనీలి యనగా నీటియొక్క నీలివన్నె. నేటి శాస్త్రజ్ఞులు చేపలకు చేటుతెచ్చు ఈ సూక్ష్మజీవిని నీలహరిత శైవలమని పిలుచుచున్నారు. అమరసింహుడు దానినే ఉద్దేశించెనని మేము సాహసింపము. అయినను ఎండిన పొరలో ఆ నీలిచారను చూచినవాడెవడో ఆ మాటను పుట్టించియుండుననిపించును. ఇక నాచారమను పేరులోనే నాచు ఉన్నదని మా విద్యార్థులు పరిహాసమాడుచుండువారు. శబ్దసామ్యమును పట్టుకొని ఊళ్ళకు చరిత్ర కల్పించుట మాకు సమ్మతము గాదు.

సుశ్రుతసంహితలో రెండు తావులు ఈ విషయమునకు దగ్గఱగా నున్నవి. సూత్రస్థానమున జలగుణములు చెప్పునపుడు, బురద, నాచు, గడ్డి, తామరాకులు కప్పివేయగా ఎండయు వెన్నెలయు గాలియు సోకని నీరు చెడినదిగా ఎంచబడినది. కల్పస్థానమున, శత్రువులు విషము కలిపిన నీటి లక్షణములు వివరింపబడినవి: అది జిగటగా నుండును, తీవ్రమైన కంపు కొట్టును, నురుగు కట్టును, చారలు దేరును, అందలి కప్పలును చేపలును చచ్చును, ఒడ్డున తిరుగు పక్షులకును జంతువులకును మతి తప్పును. ఈ లక్షణములన్నియు మేము చిన్ననాడు చూచిన చెఱువునకు సరిపోవును. అయితే సుశ్రుతుడు చెప్పినది దండయాత్రలో మనుష్యుడు కలిపిన విషమును గూర్చి. పంచాయతీ పెద్దలు సుశ్రుతుని చదివినవారు గారు. అయినను ఆయన త్రోవనే నడచిరి. నీరు చెడి చేపలు చచ్చినచో ఎవడో విషము పెట్టినాడనుట మనుష్యబుద్ధికి తొలుత తోచుమాట. చెఱువు తనకు తానే విషము పుట్టించుకొనగలదని ఎవరికి తోచును?

మన వృత్తికి రాజశాసనములయందును, శాస్త్రములయందును స్థానము చిరకాలముగా గలదు. కౌటిల్యుడు చెఱువులలోని చేపలపై రాజునకే స్వామ్యమని విధించెను. గుత్తపద్ధతికి మూలము అంత పాతది. మన ప్రాంతమునేలిన కళ్యాణి చాళుక్యులలో మూడవ సోమేశ్వరుడు (1126-1138) తన మానసోల్లాసమున మత్స్యవినోదమను ప్రకరణము వ్రాసి, ముప్పదికి పైగా చేపజాతులను, వానికి వేయవలసిన ఎరలను వర్ణించెను. కాకతీయులు పాకాల, రామప్ప చెఱువులను త్రవ్వించిరి. ఇబ్రహీం కుతుబ్ షాహి కాలమున 1562 ప్రాంతమున హుస్సేన్ సాగరమేర్పడెను. వీనినిగూర్చి అందఱును ఎఱుగుదురు గనుక విస్తరింపము. ఉప్పల్, నాచారము, రామంతాపురము చెఱువులు ఇంతటి కీర్తి గలవి గావు. ఇవి ఊరి చెఱువులు. ఒకదాని మత్తడి పొర్లిన నీరు వేఱొకదానిలో పడుచు, తుదకు మూసీనది చేరు గొలుసుచెఱువులు.

ఈ ఊరి చెఱువుల నడవడిలో నొక నియమముండెను. దానిని తెలిసికొననిదే పాచి చరిత్ర తెలియదు. వానకాలమున చెఱువు నిండును. తూముల ద్వారా పొలములకు నీరు పోవును. వేసవికి నీరు అడుగంటును. అపుడు మనవారు వలలు దింపి చేపలు పట్టుదురు. పిమ్మట రైతులు బండ్లు కట్టి అడుగునున్న పూడికమట్టిని తవ్వి పొలములకు తోలుకొందురు. ఏడాదిపాటు చెఱువులో చేరిన పేడ, ఆకు, మడ్డి, అనగా నత్రజనియు భాస్వరమును, ఈ విధముగా తిరిగి పొలములకే చేరుచుండెను. చెఱువునకు కొంత ఎండుట ఆరోగ్యము. నాచు లేకపోలేదు, కాని అది ఋతువుతో వచ్చి ఋతువుతో పోవునది.

గత శతాబ్ది ఉత్తరార్ధమున ఈ నియమము తప్పెను. నాచారము, ఉప్పల్, మల్లాపురము ప్రాంతములలో పారిశ్రామికవాడలు వెలసెను, పొలములు ప్లాట్లాయెను, తూములు మూసుకొనిపోయెను. పూడిక తోలుకొనిపోవు రైతు లేడు. దానికి మాఱు ఇండ్ల మురుగునీరు పన్నెండు మాసములును చెఱువులోనికే పారసాగెను. మలమూత్రములయందును, సబ్బుపొడులయందును గల భాస్వరము అడుగుమట్టిలో ఏటికేడు పేరుకొనెను. వేసవిలో ఎండవలసిన చెఱువు వేసవిలోనే నిండుగా, వెచ్చగా, కదలక నిలిచెను. దూరమునుండి చూచువారు నీరు నిండుగా నున్నదని సంతోషించిరి. జలనీలికి ఇంతకంటె పెద్ద విందు లేదు.

ఈ జీవియొక్క స్వభావము కొంత వివరింపవలసియున్నది. మన చెఱువులలో ప్రధానముగా కనబడు జాతికి మైక్రోసిస్టిస్ అని పేరు. ఇది నిజమునకు మొక్క గాదు. సూర్యకాంతితో ఆహారము వండుకొనగల సూక్ష్మక్రిమి. ఒక్కొక్క కణము మిల్లీమీటరులో వందలవ వంతునకంటెను చిన్నది. జిగటపదార్థమున వేలకొలది కణములు గుంపుకట్టును. కణములలో సూక్ష్మమైన గాలితిత్తులుండుటచే పగలు పైకి తేలి, వెలుతురునంతయు తానే త్రాగి, క్రింది మంచి నాచునకు చీకటి కల్పించును. నీటిలో భాస్వరము మెండుగా నుండి, ఎండ తీవ్రమై, గాలి స్తంభించినపుడు కొలదిదినములలోనే చెఱువంతయు కప్పివేయును.

దీనిని గూర్చిన విచారణ మన దేశమున క్రొత్తది గాదు. మద్రాసులో ఎస్. వి. గణపతిగారు ఒక దేవాలయ కోనేటిని పరిశీలించి, అందు శాశ్వతముగా నిలిచియుండిన మైక్రోసిస్టిస్ పొరను గూర్చి 1940లో ప్రకటించిరి. మన నగరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు చేసిన కృషి ప్రశంసనీయమైనది. ఎ. ఆర్. జఫర్ గారు హైదరాబాదు చేపల చెఱువులలోని నాచును గూర్చి 1964 మొదలు వరుసగా వ్యాసములు ప్రకటించిరి. వి. వెంకటేశ్వర్లుగారు మూసీనది నాచును, నగర మురుగుతో దానికిగల సంబంధమును 1969లో వివరించిరి. మునవ్వర్ గారు 1970లోను, శీనయ్యగారు ఆ వెనువెంటను నగరపు చెఱువుల నీటిని, అందలి సూక్ష్మజీవులను శోధించి వ్రాసిరి. ఇవన్నియు ఇంగ్లీషున, విదేశమున అచ్చైన శాస్త్రపత్రికలో వెలువడినవి. మా చెఱువు కట్టకు ఆ విశ్వవిద్యాలయము నడచిపోగల దూరమున నున్నది. జ్ఞానమచట నుండెను, తగవిచట జరిగెను. నడుమనున్న రెండుమైళ్ళ బాటను ఎవరును నడువలేదు. అందు బడిపంతులమైన మా తప్పును గలదు.

చేపకు ఈ పొరవలన కలుగు బాధలు ఒక్కతీరువి గావు. మొదటిది ఊపిరాడమి. పగటివేళ నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రి అదియే తిరిగి ప్రాణవాయువును పీల్చుకొనును. నాచు మితముగా నున్నంతవఱకు ఈ ఇచ్చిపుచ్చుకొనుట చేపకు హాని చేయదు. మితిమీరినపుడు తెల్లవాఱుజామునకు నీటిలో ప్రాణవాయువు అడుగంటును. బొచ్చె, రవ్వ వంటి చేపలకు లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములున్న సుఖము. 3నకు తగ్గిన అవస్థ మొదలగును. మబ్బుపట్టిన దినములలో నాచునకు వెలుతురు చాలక, ప్రాణవాయువు పుట్టుట తగ్గును. తుదకు నాచే చచ్చి కుళ్ళును, ఆ కుళ్ళు మిగిలిన కొద్ది ప్రాణవాయువును హరించును. ఎక్కువ ప్రాణవాయువు కావలసిన పెద్దచేపలు మొదట చచ్చును. కొరమీను, మార్పు, ఇంగిలాయి మాత్రము నీటిపైకి వచ్చి గాలినే పీల్చగల అవయవములు గలవి. ఈ గాలిపీల్చు చేపలను గూర్చి 1927లోనే లండను రాయల్ సొసైటీ పత్రికలో సమగ్రముగా వ్రాసిన బి. కె. దాస్ గారు తరువాత ఉస్మానియాలోనే జంతుశాస్త్రాచార్యులైరి.

రెండవది క్షారము. నాచు పగలంతయు నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చివేయుటచే నీటి క్షారగుణము పెరుగును. మురుగునీటిలో అమ్మోనియా ఎప్పుడును ఉండును. క్షారము లేని తటస్థమైన నీటిలో దానిలో నూటికి ఒకవంతైనను విషరూపమున నుండదు. క్షారము 9 అంకెకు చేరిన, వెచ్చని నీటిలో మూడింట ఒకవంతునకు పైగా విషరూపము దాల్చును. అపుడు మొప్పలు వాచి, జిగురు గ్రమ్మి, చేప మధ్యాహ్నవేళ సహితము తిరుగుడుపడును.

మూడవదియే అసలు విషము. మైక్రోసిస్టిన్ అను నీ పదార్థము ఏడు అమైనో ఆమ్లములు కంకణమువలె కూడి యేర్పడినది; దీనికి రెండువందలకు పైగా రూపభేదములు కనుగొనబడినవి. నాచును మేసిన చేప ప్రేగులనుండి అది నేరుగా కాలేయమును చేరును. అచట కణముల నిర్మాణమును కాపాడు ఫాస్ఫటేసులను కిణ్వములను బంధించుటచే, కణములు పట్టుదప్పి గుండ్రపడి విడిపోవును. కాలేయము ఉబ్బి, పాలిపోయి, నెత్తురు చిమ్మును. మూత్రపిండములును, మొప్పలును చెడును. ఎక్కువ మోతాదైన చేప చచ్చును. తక్కువ మోతాదైన చావదు. అదియే మన వృత్తికి ఎక్కువ నష్టము. మేత తినదు, తూకము పెరుగదు, రోగనిరోధశక్తి తగ్గి ఒంటిమీద ఎఱ్ఱని పుండ్లు లేచును. గ్రుడ్లలోని పిండములును, అప్పుడే పొదిగిన పిల్లలును వికారరూపములు పొందును. పిల్లను వదలితిమి, చేప కాలేదేమని గుత్తదారు తల పట్టుకొనును. చచ్చిన చేపను అందఱును చూతురు. ఎదుగని చేప లెక్కకు రాదు.

ఈ విషము వండినను పోదు, నీరు మఱిగించినను విఱుగదు. చేప కండలోకంటె కాలేయమునను ప్రేగులయందును ఎక్కువగా నుండును. పొర కట్టిన చెఱువు చేపను తినకుండుటే మేలు. ఇతర చెఱువుల చేపనైనను లోపలి భాగములను పూర్తిగా తీసివేయవలయునని మన స్త్రీజనమునకు మనవి. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు త్రాగునీటికి పెట్టిన హద్దు లీటరునకు ఒక మైక్రోగ్రాము మాత్రమే. బ్రెజిల్ దేశమున కరువారు పట్టణములో 1996లో, మూత్రపిండ రోగులకు రక్తశుద్ధి చేయుటకు వాడిన నీటిలో ఈ విషముండుటచే ఏబదిమందికి పైగా మరణించిరి. పశువుల మాట అంతకుముందే తెలియును: ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రీనా సరస్సు పొరనీరు త్రాగి గొఱ్ఱెలు, గుఱ్ఱములు చచ్చినవని జార్జి ఫ్రాన్సిస్ అను నాతడు 1878లో వ్రాసెను. లోకమున ఈ విషయమై వెలువడిన తొలి శాస్త్రలేఖలలో నది యొకటి.

మైలుతుత్తము చల్లిన పాచి చచ్చునని మనవారిలో కొందఱు చెప్పుకొనుచున్నారు. చచ్చుట నిజమే. 1904లోనే అమెరికాలో ఈ ఉపాయము ప్రచారమునకు వచ్చెను. అయితే కణము పగిలినపుడు లోపలి విషమంతయు ఒక్కుమ్మడి నీటిలో కలియును. కుళ్ళు మొదలై ఊపిరియు పోవును. ఆస్ట్రేలియాలోని పామ్ ద్వీపమున 1979లో జలాశయమున మైలుతుత్తము చల్లిన కొలదిదినములకే 148 మంది, అధికభాగము బాలబాలికలు, రోగగ్రస్తులైరి. అచటి నాచు వేఱుజాతిది, విషమును వేఱే, న్యాయమొక్కటే.

నేటి స్థితి చెప్పవలెనన్న, ఈ శతాబ్ది మొదటి దశకమున మూసీ శుద్ధి పథకమున అంబర్‌పేటలో దినమునకు 33.9 కోట్ల లీటర్లు, ఉప్పల్ నల్లచెఱువువద్ద 3 కోట్ల లీటర్లు శుద్ధిచేయు కేంద్రములు వెలసినవి. ఇవి మంచివే. కాని సామాన్యమైన శుద్ధివిధానము మురుగులోని కుళ్ళును తగ్గించునే గాని భాస్వరమునంతయు తొలగింపదు. నీరు తేటగా కనబడును, పాచికి మేత మిగిలియే యుండును. నాచారము పెద్దచెఱువును గుఱ్ఱపుడెక్క పలుమాఱు కప్పివేసినది. దానిని తీసిన పిదప ఒడ్డుననే కుప్పవేసి కుళ్ళనిచ్చిన, అందు పట్టిన భాస్వరము మరల నీటిలోనికే దిగును. బండ్లకెత్తి దూరమునకు తరలించుటయే తగిన పద్ధతి. పూడిక తోలిన పాతరైతు చేసినదియు అదియే. 2024లో నెలకొల్పబడిన హైడ్రా సంస్థ తొలివిడతగా పునరుద్ధరించుటకు గైకొన్న ఆఱు చెఱువులలో ఉప్పల్ నల్లచెఱువొకటి. కట్ట, నడకదారి, పూలమొక్కలతో తృప్తిపడక, మురుగు మళ్ళింపును, అడుగుమట్టి తీయుటను అడుగవలసిన బాధ్యత మన సహకార సంఘములది.

అన్ని మత్స్యనాశములును పాచివలననే కలుగునని మా వాదము గాదు. 2017 అక్టోబరులో నగరమునకు పడమట గండిగూడెము చెఱువున చేపలు పెద్దయెత్తున చచ్చినపుడు, మన మత్స్యకారులు పరిశ్రమల వ్యర్థజలములపై ఫిర్యాదు చేసిరి. కారణములను వేఱుపఱచి చూడవలెను. పురుగుమందో, ఆమ్లమో కలిసిన చెఱువులో చిన్నచేప, పెద్దచేప, కప్ప, నీటిపురుగు అను భేదము లేక, ఏ వేళనైనను చచ్చును; గాలి పీల్చు చేపయు తప్పించుకొనలేదు. వేకువను, పెద్దవి ముందుగా, నోరు తెఱచి చచ్చుట ఊపిరాడమికి గుర్తు. దినదినమును కొన్ని కొన్ని చచ్చుచు, కోసి చూడగా కాలేయము చెడియున్న, పాచివిషమును శంకింపవలెను. ఇట్టి సమయమున సూర్యోదయమునకు ముందే నీటిని ఒక సీసాలోను, చచ్చుచున్న చేపను మంచుగడ్డలోను ఉంచి పరీక్షకు పంపవలెను. మధ్యాహ్నము పట్టిన నీరు సాక్ష్యమునకు పనికిరాదు. అప్పటికి ప్రాణవాయువు మరల పుట్టియుండును.

ఇప్పుడు మా చిన్ననాటి చెఱువును తలంతము. నెలదినముల పచ్చనిపొర, మూడుదినముల మబ్బు, తెల్లవాఱుజాము, ముందు చచ్చిన పెద్ద బొచ్చెలు, చేతికి చిక్కిన ప్రాణమున్న కొరమీనులు. ఎండ్రిన్ పోసియుండినచో ఆ కొరమీనులు మా ఇంట ఉడికియుండవు. ఉడికినచో మేమీ వ్యాసము వ్రాయుటకు మిగిలియుండము. పంచాయతీ పెద్దలలో కనీసము ఇద్దఱి యిండ్లలో ఆ రాత్రి కొరమీను కూర వండిరి. అందొకటి మా యిల్లు.

శిక్షపడిన ఆయన పరదేశముననే కాలము చేసెను. ఆయన కోడలు ఎనుబదియేండ్లు దాటిన వృద్ధురాలు ఇప్పటికిని ఉప్పలుననే యున్నది. గత సంక్రాంతికి మేము వెళ్ళి ఈ సంగతులన్నియు మెల్లగా చెప్పితిమి. మొప్పలు, క్షారము అనుమాట లామెకు పట్టలేదు. చాలసేపు ఊరకుండి, "మా మామ చెర్ల మందు వోయలేదని నీ పుస్తకంల రాస్తవా బిడ్డా?" అని మాత్రమడిగెను. వ్రాయుదుమని మాట యిచ్చితిమి.

ఆనాటి కులపంచాయతీ లెక్కపుస్తకము ఇప్పుడు మన సంఘపు పెట్టెలో భద్రముగా నున్నది. కార్యదర్శిగారి యనుమతితో ఆ పుట తెఱచి చూచితిమి. జరిమానా మొత్తము, సాక్షులిరువురి పేర్లు, ఐదుగురి చేవ్రాళ్ళు గలవు. నాలవది మా తండ్రిగారిది. ప్రక్క అంచున నాలుగు పంక్తులకు చోటున్నది. ఈ మహాసభ సమ్మతించినచో, తీర్పు చెప్పినవారి కొడుకుగా, ఆ చోటున మా చేతితోనే వ్రాసి చేవ్రాలు చేయుటకు సిద్ధముగా నున్నాము.